కారు ఇంజిన్ మరమ్మతులు, ఇంజిన్ చరిత్రలోని విశేషాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్‌లోని ప్రతి భాగమూ ఒకప్పుడు ఎవరినో వేధించిన ఇబ్బందిని తీర్చడానికి వచ్చిందే. ఏ భాగం ఏ ఇబ్బందికి విరుగుడుగా వచ్చిందో తెలిసినవారికి, అది పాడైతే ఏ ఇబ్బంది మళ్లీ తలెత్తుతుందో పోల్చుకోవడం కష్టం కాదు. అందుకే ఇక్కడ మరమ్మతు ప్రశ్నలనూ చరిత్ర ప్రశ్నలనూ విడదీయకుండా కలిపే ఇస్తున్నాము.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఎలా పనిచేస్తుంది? దాన్ని కనిపెట్టింది ఎవరు?

పిస్టన్ కిందికి దిగుతూ గాలినీ ఇంధనాన్నీ లోపలికి పీల్చుకుంటుంది, పైకి వస్తూ ఆ మిశ్రమాన్ని అదిమిపెడుతుంది, మిశ్రమం అంటుకోగానే పుట్టిన ఒత్తిడికి మళ్లీ కిందికి దిగుతుంది, చివరగా పైకి వస్తూ కాలిన వాయువును బయటికి తోసేస్తుంది. ఈ నాలుగు కదలికలు పూర్తయ్యేసరికి పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు తిరుగుతుంది. అంటే నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో స్పార్క్ ప్లగ్ సెకనుకు 25 సార్లు మిశ్రమాన్ని అంటించాలి.

ఈ పద్ధతిలో చక్కగా నడిచే ఇంజిన్‌ను జర్మనీకి చెందిన నికొలాస్ ఒట్టో 1876లో తయారుచేశాడు. అయితే ఫ్రెంచ్ ఇంజనీరు ఆల్ఫాన్స్ బో ద రోషా ఇదే వరుసను 1862లోనే కాగితం మీద వివరించి ఉన్నాడు. ఇంజిన్‌ను మాత్రం తయారుచేయలేదు. ఆ సంగతి వెలుగులోకి రావడంతో 1886లో జర్మనీలో ఒట్టో పేటెంటు రద్దయింది, ఇతరులకు దారి సుగమమైంది.

మరమ్మతు చేసేవారికి ఇందులో నుంచి నాలుగు విషయాలు మిగులుతాయి: గాలి, ఇంధనం, కంప్రెషన్, సరైన క్షణంలో స్పార్క్. ఇంజిన్ నడవకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఈ నాలుగింటిలో ఒకటి లోపించడమే. ఏది లోపించిందో తేల్చుకోకుండా భాగాలు మార్చుకుంటూ పోవడం డబ్బు తగలేసుకోవడమే అవుతుంది.

చరిత్రలో మొదటిసారి దారిలో కారు మరమ్మతు చేసింది ఎవరు?

ఆ గౌరవం బెర్తా బెంజ్‌కే దక్కాలి. ఆమె భర్త కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న తన మూడు చక్రాల వాహనానికి పేటెంటు దరఖాస్తు చేశాడు. వెనుక ఒకే సిలిండర్, ఒక గుర్రపు శక్తికి కూడా చేరని ఇంజిన్ ఉన్న ఆ బండిని కొనడానికి జనం ముందుకు రాలేదు. 1888 ఆగస్టులో బెర్తా తన ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని, భర్తకు చెప్పకుండా, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకుంది.

ఆ దారిలో ఎదురైన ఇబ్బందులను చూస్తే నేటి మెకానిక్ కూడా ఇట్టే గుర్తుపడతాడు. ఇంధన గొట్టానికి అడ్డం పడితే ఆమె టోపీకి పెట్టుకునే పొడవాటి పిన్నుతో శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ పైపూత అరిగి కరెంటు లీకవుతుంటే మేజోడుకు కట్టుకునే పట్టీని చుట్టి ఆపింది. వీస్లోఖ్ ఊళ్లోని మందుల దుకాణంలో లిగ్రోయిన్ అనే ద్రావకాన్ని కొని ఇంధనంగా పోసింది. చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే అతనితో వాటికి తోలు తాపడం చేయించింది. బ్రేక్ లైనింగ్ కథ అక్కడి నుంచే మొదలవుతుంది. ఎత్తు ఎక్కలేక కొడుకులు బండిని తోయవలసి వచ్చిందని తెలిశాక కార్ల్ బెంజ్ దానికి ఇంకొక గేరు చేర్చాడు. ఇంధనం, ఇగ్నిషన్, బ్రేకు, గేరు అంటూ ఒక్కొక్క లోపాన్నీ విడిగా గుర్తించి సరిచేసిన ఈ ప్రయాణం కన్నా మంచి మరమ్మతు పాఠం నాకు కనిపించలేదు.

కారు స్టార్ట్ కావడం లేదు. ముందుగా ఏం చూడాలి?

ముందు ఒక తేడా గమనించాలి. తాళం తిప్పినప్పుడు ఇంజిన్ అసలు తిరగడం లేదా, లేక గిరగిరా తిరుగుతున్నా అంటుకోవడం లేదా? ఈ రెండూ పూర్తిగా వేర్వేరు లోపాలు.

ఇంజిన్ తిరగకుండా టకటకమని చప్పుడు మాత్రమే వస్తూ, హెడ్ లైట్లు మసకబారుతుంటే బ్యాటరీని గానీ దాని టెర్మినళ్లను గానీ అనుమానించాలి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ, కారు ఆపి కొన్ని గంటలు గడిచాక, సుమారు 12.6 వోల్టులు చూపుతుంది, 12.2 దగ్గర ఉంటే సగం ఖాళీ అయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు అదే మీటరు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. అంతకన్నా తక్కువ వస్తుంటే కొత్త బ్యాటరీ వేసినా కొద్ది రోజులకే మళ్లీ మొరాయిస్తుంది, ఎందుకంటే లోపం ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో ఉంది. కొన్ని ఆధునిక కార్లలో చార్జింగ్‌ను కంప్యూటర్ తగ్గించి పెంచుతుంటుంది కనుక ఆ కారు మాన్యువల్‌లోని అంకెలను కూడా చూడాలి. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొర కూడా కరెంటును అడ్డుకుంటుంది. దాన్ని శుభ్రం చేసి బిగించడంతోనే చాలా కార్లు కదులుతాయి.

ఇంజిన్ బాగా తిరుగుతున్నా అంటుకోకపోతే బ్యాటరీ జోలికి పోనక్కర లేదు. తాళం ఆన్ చేయగానే వెనుక సీటు కింద ఇంధన పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్యిమనడం వినిపిస్తుందేమో చూడాలి. అది వినిపించే కార్లలో ఆ చప్పుడు లేకపోతే ఫ్యూజు, రిలే, పంపు వరుసగా పరీక్షించాలి. అది బాగానే ఉంటే స్పార్క్ వైపు వెళ్లాలి.

స్టార్టర్ మోటారు రాకముందు కార్లను ఎలా స్టార్ట్ చేసేవారు?

ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పేవారు. స్పార్క్ ముందుగా పడితే ఇంజిన్ వెనక్కి తన్ని, హ్యాండిల్ పట్టుకున్నవారి మణికట్టు విరగడం మామూలుగా జరిగేది. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ను కాడిలాక్ తన 1912 మోడల్ కార్లలో అమర్చింది. ఆ మోటారు కొద్ది సెకన్ల పాటు మాత్రమే పెద్ద మొత్తంలో కరెంటు లాగడానికి తయారైనది. ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి తాళం పట్టుకుని ఉండకూడదని, మధ్యలో కాస్త విరామం ఇవ్వాలని చెప్పడానికి కారణం అదే.

జంపర్ కేబుళ్లను ఏ వరుసలో తగిలించాలి?

ఎర్ర కేబుల్‌ను ముందు డౌన్ అయిన బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత మంచి బ్యాటరీ పాజిటివ్‌కు తగిలించాలి. నల్ల కేబుల్‌ను మంచి బ్యాటరీ నెగటివ్‌కు తగిలించి, రెండో కొసను ఆగిపోయిన కారు ఇంజిన్ మీద, బ్యాటరీకి దూరంగా, రంగు లేని లోహపు భాగానికి పట్టించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండవచ్చు కనుక చివరి రవ్వ అక్కడ పడకూడదు. తీసేటప్పుడు ఇదే వరుసను తలకిందులుగా పాటించాలి.

ఇంజిన్ వేడెక్కితే ఏం చేయాలి?

ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా పెట్టి, వీలైనంత త్వరగా బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే కాబట్టి కొంత వేడిని బయటికి లాగుతుంది. ఆ తర్వాత కనీసం అరగంట ఆగాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూతను తెరవడం ఎంతమాత్రం కూడదు. చాలా కార్లలో ఆ మూత లోపలి ఒత్తిడిని మామూలు వాతావరణం కన్నా సుమారు ఒక బార్ ఎక్కువగా నిలిపి ఉంచుతుంది, ఆ ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ మరగదు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పడిపోయి, అప్పటిదాకా నిశ్చలంగా ఉన్న ద్రవం ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీరు పోయడం కూడా తప్పే, దానివల్ల సిలిండర్ హెడ్ పగలవచ్చు.

తర్వాత కారణం వెతకాలి. బండి ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, వేగంగా పోతున్నప్పుడు చల్లబడుతుంటే ఫ్యాన్ పనిచేయడం లేదని అనుకోవచ్చు. వేగంలో ఎక్కువగా వేడెక్కుతుంటే రేడియేటర్ పూడుకుపోయి ఉండవచ్చు లేదా వేడిని బట్టి నీటిని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటూ ఉండవచ్చు. బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ, ఎగ్జాస్ట్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి ఆవిరి వస్తుంటే సిలిండర్ హెడ్ కింద ఉండే సీలును, అంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అనుమానించాలి.

పాత కార్లు ఇంజిన్‌ను ఎలా చల్లబరిచేవి?

బెంజ్ మొదటి వాహనంలో నీరు మరిగి ఆవిరైపోవడమే చల్లబరిచే పద్ధతి. అందుకే బెర్తా దారి పొడవునా నీళ్లు పోసుకుంటూ వెళ్లవలసి వచ్చింది. ఈ సమస్యకు నిలిచే పరిష్కారం విల్‌హెల్మ్ మేబాక్ చూపాడు. 1901 నాటి మెర్సిడెస్ 35 పీఎస్ కారుకు ఆయన అమర్చిన తేనెపట్టు రేడియేటర్‌లో 8,070 సన్నని గొట్టాలు ఉండేవి. గాలి తగిలే వైశాల్యం ఒక్కసారిగా పెరగడంతో మోయవలసిన నీరు బాగా తగ్గింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీలో, మొదటి కొద్ది కార్లను మినహాయిస్తే, నీటి పంపే లేదు: వేడి నీరు పైకి, చల్లటి నీరు కిందికి పోయే సహజ గుణంతోనే అది తిరిగేది. గొట్టాల్లో ఏమాత్రం పూడిక చేరినా ఆ ప్రవాహం నిలిచిపోయేది. నేటి రేడియేటర్‌కు పంపు ఉన్నా పూడికకు అది కూడా లొంగుతుంది. కూలెంట్‌కు బదులు కుళాయి నీళ్లు పోయవద్దని, వేర్వేరు రకాల కూలెంట్లను కలపవద్దని చెప్పేది ఇందుకే. రంగు ఒకటే అయినంత మాత్రాన రెండు కూలెంట్లు ఒకే రకం కావు.

ఎగ్జాస్ట్ పొగ రంగును బట్టి లోపం చెప్పవచ్చా?

చాలావరకు చెప్పవచ్చు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతున్నదని అర్థం. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ రింగులు లేదా టర్బో అరిగి ఉండవచ్చు. నల్ల పొగ ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదని చెబుతుంది, ముందుగా ఎయిర్ ఫిల్టర్ తీసి చూడాలి. చలిలో స్టార్ట్ చేసినప్పుడు పలచని తెల్లటి ఆవిరి రావడం సహజం. ఇంజిన్ వేడెక్కాక కూడా అది దట్టంగా వస్తూనే ఉంటే, కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతున్నదని గ్రహించి బండి నడపడం ఆపాలి.

ఆయిల్ నల్లబడిందంటే మార్చవలసిందేనా?

రంగు ఒక్కటే కొలమానం కాదు. మసిని, మురికిని తనలో కలుపుకుని ఫిల్టర్ దాకా తీసుకుపోవడం ఆయిల్ పని కనుక అది నల్లబడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో మార్చిన కొద్దిసేపటికే నల్లబడినా ఆశ్చర్యపోనక్కర లేదు. డిప్ స్టిక్ మీద ఒక చుక్క తీసుకుని రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఇసుక తగిలినట్టు గరగరలాడితే, వెలుతురులో లోహపు మెరుపు కనిపిస్తే, బేరింగులు అరుగుతున్నాయేమో చూడాలి. పాలు కలిసినట్టు గోధుమరంగు నురగ ఉంటే ఆయిల్‌లో నీరు చేరింది. పెట్రోల్ వాసన ఘాటుగా వస్తూ ఆయిల్ మట్టం పెరుగుతుంటే కాలని ఇంధనం కిందికి దిగుతున్నట్టు.

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత సులభంగా పారుతుందో, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో సూచిస్తుంది. ఇంజిన్ పాతబడిందని తమకు తోచినట్టు చిక్కటి ఆయిల్ పోయడం మంచి అలవాటు కాదు. తయారీదారు చెప్పిన గ్రేడే వాడాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం ఆయిల్ మట్టాన్ని కాక ఒత్తిడిని చూపుతుంది. నడుస్తుండగా అది వెలిగితే ఇంటిదాకా పోదామని అనుకోకుండా వెంటనే ఇంజిన్ ఆపాలి. ఒత్తిడి లేని ఇంజిన్ పట్టేయడానికి కొద్ది నిమిషాలు చాలు.

టైమింగ్ బెల్టును తెగకముందే ఎందుకు మార్చాలి?

చాలా ఇంజిన్లలో వాల్వులు తెరుచుకునే చోటికే పిస్టన్ కూడా వస్తుంది, కాకపోతే వేరే సమయంలో. ఆ సమయాన్ని కాపాడేది టైమింగ్ బెల్టే. అది తెగిన క్షణంలో తెరిచి ఉన్న వాల్వులను పిస్టన్లు ఢీకొంటాయి, వాల్వులు వంగుతాయి, సిలిండర్ హెడ్ విప్పవలసి వస్తుంది. పళ్లున్న రబ్బరు బెల్టును ఉత్పత్తి కారులో మొదట వాడినది జర్మనీకి చెందిన గ్లాస్ 1004, 1962లో. చప్పుడు తక్కువ, ధర తక్కువ కావడంతో అది అంతటా వ్యాపించింది. చెయిన్ సాగితే గలగలమని ముందుగా హెచ్చరిస్తుంది. బెల్టు ఏ చప్పుడూ చేయకుండానే తెగిపోతుంది. కనుక కిలోమీటర్లలో గానీ సంవత్సరాల్లో గానీ మాన్యువల్ చెప్పిన గడువులో ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. టెన్షనర్‌ను, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు ఉంటే దాన్ని కూడా అప్పుడే మార్చడం మంచిది, ఎందుకంటే తర్వాత వాటి కోసం అదంతా మళ్లీ విప్పాలి.

ఇంజిన్‌లో నాకింగ్ అంటే ఏమిటి? ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ వల్ల శక్తి పెరుగుతుందా?

మంట స్పార్క్ దగ్గర మొదలై నింపాదిగా వ్యాపించవలసి ఉండగా, మూలన మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే పేలితే లోహాన్ని సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తుంది. అదే నాకింగ్. ఆక్టేన్ సంఖ్య పెట్రోల్ ఆ పేలుడును ఎంతవరకు తట్టుకోగలదో చెబుతుందే తప్ప దానిలోని శక్తిని చెప్పదు. కాబట్టి మామూలు పెట్రోల్ కోసం రూపొందించిన ఇంజిన్‌లో ఖరీదైన పెట్రోల్ పోసినందువల్ల చెప్పుకోదగ్గ లాభం ఉండదు. అధిక కంప్రెషన్ లేదా టర్బో ఉండి, మాన్యువల్ ఎక్కువ ఆక్టేన్ కోరితే మాత్రం అదే పోయాలి.

ఈ నాకింగ్ చరిత్ర బాధాకరమైనది. 1921లో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న థామస్ మిడ్గ్లీ, టెట్రాఇథైల్ లెడ్ కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుగొన్నాడు. 1923లో ఆ పెట్రోల్ అమ్మకానికి వచ్చింది. సీసం విషమన్న సంగతి అప్పటికే తెలుసు, 1924లో దాన్ని తయారుచేసే చోట కార్మికులు చనిపోయారు కూడా. అయినా అది దశాబ్దాల పాటు కొనసాగింది. ఎగ్జాస్ట్‌ను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టర్లు 1970లలో వచ్చినప్పుడు, సీసం వాటిని పాడుచేస్తుందన్న కారణం కూడా తోడై దాన్ని తొలగించడం మొదలైంది. రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోల్ అమ్మిన చివరి దేశమైన అల్జీరియా 2021లో ఆపింది.

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. కోడ్ చెప్పిన భాగాన్ని మార్చేయవచ్చా?

కోడ్ లక్షణాన్ని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. ఎగ్జాస్ట్‌లో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లతో వాడుకలోకి వచ్చింది. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ కారు కంప్యూటర్ గుర్తించిన లోపాలను కోడ్‌లుగా చూపే ఓబీడీ-2 అనే ఉమ్మడి పద్ధతి తప్పనిసరి అయింది. మిశ్రమంలో గాలికి తగినంత ఇంధనం లేదని కోడ్ వస్తే సెన్సర్ తన పని సరిగ్గా చేసినట్టే. లోపం పగిలిన వాక్యూమ్ గొట్టంలో ఉండవచ్చు, సెన్సర్ మార్చినా కోడ్ మళ్లీ వస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. పి0302 కోడ్ రెండో సిలిండర్‌లో మిస్ ఫైర్ ఉందని, అంటే మిశ్రమం సరిగ్గా అంటుకోవడం లేదని, చెబుతుంది. స్పార్క్‌కు కరెంటు అందించే కాయిల్ ప్లగ్గుకొకటి ఉండే ఇంజిన్‌లో, ఇంజిన్ ఆపి చల్లబడ్డాక, రెండో కాయిల్‌ను మూడోదాని స్థానంలో, మూడోదాన్ని రెండోదాని స్థానంలో పెట్టి, కోడ్ చెరిపి, బండి నడపాలి. ఈసారి పి0303 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలింది కనుక కాయిలే దోషి. మళ్లీ పి0302 వస్తే ప్లగ్‌ను అలాగే మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్, కంప్రెషన్. ఏ భాగమూ కొనకుండానే సగం దారి నడిచినట్టవుతుంది.

లైటు నిలకడగా వెలిగితే జాగ్రత్తగా నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి పోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం కాలని పెట్రోల్ కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతున్నదని తెలుసుకుని బండి ఆపాలి.

గాలిలో పెట్రోల్‌ను కలిపే కార్బ్యురేటర్ పోయి, పెట్రోల్‌ను చిమ్మే ఇంజెక్షన్ వచ్చాక ఏ కొత్త లోపాలు వచ్చాయి?

1954లో వచ్చిన మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్ఎల్ కారు పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మేది. తాళం ఆపినా ఇంజిన్ నిలిచేదాకా యాంత్రిక పంపు చిమ్ముతూనే ఉండడం వల్ల, ఆ కాలని పెట్రోల్ గోడల వెంట దిగి ఆయిల్‌ను పలచన చేసేది. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది. బాష్ సంస్థ 1967లో డి-జెట్రానిక్ పద్ధతిని వోక్స్‌వ్యాగన్ 1600 కార్లతో ప్రవేశపెట్టింది. నేటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లకు మరో ఇబ్బంది ఉంది. పాత పద్ధతిలో ఇన్‌టేక్ వాల్వుల మీద పడే పెట్రోల్ వాటిని కడుగుతూ ఉండేది. ఇప్పుడు పెట్రోల్ అటువైపు రాదు కనుక, ఆయిల్ ఆవిరి నుంచి వచ్చే మసి వాల్వుల వెనుక గట్టిగా పేరుకుంటుంది. ట్యాంకులో పోసే క్లీనర్ కూడా ఆ వాల్వులను తాకదు, చేత్తో శుభ్రం చేయించవలసిందే.

పెట్రోల్ కారులో పొరపాటున డీజిల్ పోస్తే?

తాళం కూడా తిప్పకుండా ట్యాంకు ఖాళీ చేయించాలి. డీజిల్ కారులో పెట్రోల్ పోయడం ఇంకా ప్రమాదకరం. రుడాల్ఫ్ డీజిల్ 1893లో పేటెంటు పొంది 1897లో నడిపి చూపిన ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, అదిమిన గాలి వేడికే ఇంధనం మండాలి. నేటి డీజిల్ పంపుకు ఆ ఇంధనమే కందెన కూడా. పెట్రోల్‌కు ఆ జిడ్డు లేకపోవడంతో పంపు అరిగి, లోహపు రజను ఇంజెక్టర్ల దాకా చేరుతుంది.

పిస్టన్లు లేని ఇంజిన్ ఏమైంది?

ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో పుట్టిన రోటరీ ఇంజిన్ 1964లో ఎన్ఎస్‌యూ స్పైడర్‌లోనూ, 1967లో మాజ్డా కాస్మోలోనూ వచ్చింది. మాజ్డా 787బి 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. త్రికోణాకారపు రోటర్ కొసల్లోని సీళ్లు త్వరగా అరగడం, ఇంధనం ఎక్కువ తాగడం దాన్ని వెనక్కి నెట్టాయి. ఆ సీళ్ల కోసం మాజ్డా రోటరీ ఇంజిన్ కొద్దికొద్దిగా ఆయిల్‌ను తనే కాల్చుకుంటుంది. కనుక ఆయిల్ తగ్గడం అక్కడ లోపం కాదు, చూసుకుని పోయకపోవడమే లోపం.

ఇంట్లో ఏ పనులు చేసుకోవచ్చు? ఏవి చేయకూడదు?

ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ, వైపర్లు, చేతికందే చోట ఉన్న స్పార్క్ ప్లగ్గులు, జాగ్రత్తగా చేస్తే ఆయిల్ మార్పు ఎవరైనా నేర్చుకోవచ్చు. టైమింగ్, అధిక ఒత్తిడి డీజిల్ గొట్టాలు, ఎయిర్ బ్యాగులు, హైబ్రిడ్ కార్ల నారింజరంగు కేబుళ్లు శిక్షణ పొందినవారికే వదిలేయాలి. జాకీ కారును ఎత్తడానికే గానీ నిలపడానికి కాదు, స్టాండ్లు లేకుండా కారు కిందికి దూరకూడదు. మూసిన గదిలో ఇంజిన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. స్పార్క్ ప్లగ్గులను చల్లబడిన ఇంజిన్‌లోనే, ముందు చేతి వేళ్లతో మరలు సరిగ్గా పట్టేదాకా తిప్పి, ఆ తర్వాతే టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించాలి. అల్యూమినియం హెడ్‌లో మర ఒకసారి చెడితే ఆ ప్లగ్ ఖరీదుకు ఎన్నో రెట్లు ఖర్చవుతుంది.